క్రీస్తుతో కూడ చనిపోయాం, మరి పాపం ఎందుకు వదలడం లేదు? రోమా 6 ప్రకారం అడుగడుగునా ఏం చేయాలి

పడిపోవడం, ఏడవడం, తీర్మానం చేసుకోవడం, పది రోజులు బాగుండటం, పదకొండో రోజు మళ్ళీ పడిపోవడం. ఈ చక్రంలో ఏళ్ల తరబడి తిరుగుతున్న విశ్వాసుల కోసం ఇది రాస్తున్నాను. నేనూ చాలాకాలం అందులోనే తిరిగాను. నాది కోపం. ప్రతి కొత్త డైరీ మొదటి పేజీలో "ఈ సంవత్సరం కోపం మానేయాలి" అని రాసుకునేవాణ్ణి. ఏటా అదే వాక్యం, అదే చేతిరాత. సిరా రంగు మాత్రం మారేది.

ఉపవాసాలు చేశాను, కూటాల్లో ముందుకు వెళ్లి మోకరించాను. అవేవీ తప్పు కాదు. కానీ నా ప్రార్థన అంతా ఒక్క మాట చుట్టూ తిరిగేది: "ప్రభువా, నాలోని ఈ పాపాన్ని చంపు." బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన రోమా పత్రిక 6వ అధ్యాయం ఆ మాట చెప్పదని చాలా ఆలస్యంగా గమనించాను. పాపం చచ్చిందని పౌలు అక్కడ అనలేదు. చచ్చింది మనం అన్నాడు. ఈ తేడా పట్టుకోకుండా ముందుకు వెళితే కింద చెప్పే అడుగులన్నీ మరో కొత్త సంవత్సర తీర్మానంలా మిగిలిపోతాయి.

మొదటి అడుగు: ఏం జరిగిపోయిందో తెలుసుకోండి

పౌలు క్రీ.శ. 57 ప్రాంతంలో కొరింథులో ఉండి రోమాలోని విశ్వాసులకు ఈ పత్రిక రాశాడు. ఐదో అధ్యాయం చివర, పాపం ఎక్కడ విస్తరించిందో అక్కడ కృప అంతకంటే ఎక్కువగా విస్తరించిందని చెప్పాడు. వెంటనే ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది: "అయితే కృప ఇంకా పెరగడానికి పాపం చేస్తూనే ఉందామా?" దానికి ఆయన "పాపం చేస్తే శిక్ష పడుతుంది" అని బెదిరించలేదు. "పాపం విషయంలో చనిపోయిన మనం ఇంకా అందులో ఎలా బతుకుతాం?" అని అడిగాడు. అంటే పాపం చేయకూడదు అనే మాట కంటే ముందు, మీరు ఇప్పుడు ఎవరు అనే మాట వచ్చింది.

ఆరో వచనంలో "మన ప్రాచీన స్వభావము ఆయనతో కూడ సిలువవేయబడెను" అని ఉంది. "కూడ సిలువవేయబడుట" అనే గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఐదు చోట్లే కనబడుతుంది. మూడు చోట్ల, అంటే మత్తయి, మార్కు, యోహాను సువార్తల్లో, యేసు పక్కన సిలువ మీద వేలాడిన ఇద్దరు నేరస్థుల గురించి వాడారు. మిగతా రెండూ పౌలువే: ఒకటి ఈ వచనం, రెండోది గలతీయులకు 2:20. ఆ ఇద్దరూ కొయ్య మీద నిజంగా వేలాడారు. ఆ మాటనే పౌలు, ఆ రోజు యేసును సిలువ వేసిన గొల్గొతా దరిదాపుల్లో కూడా లేని తనకూ మనకూ వాడుతున్నాడు. ఆయన దృష్టిలో ఇది కవితా వర్ణన కాదు. ఒకరి ప్రతినిధిగా మరొకరు చేసినది ఆ ఒకరి ఖాతాలో పడటం. ఆదాములో మనకు ఏం జరిగిందో ఐదో అధ్యాయంలో చెప్పి, క్రీస్తులో ఏం జరిగిందో ఆరులో చెబుతున్నాడు. క్రీస్తు అన్నా మెస్సీయ అన్నా ఒకటే: అభిషిక్తుడు, తన ప్రజల తరఫున నిలబడే రాజు. రాజు గెలిస్తే ప్రజలు గెలిచినట్టే. ఈ రాజు చనిపోయాడు కాబట్టి ప్రజలూ చనిపోయినట్టే.

మరి చనిపోతే ఏం మారింది? అధికారం మారింది. "చనిపోయిన వాడు పాపవిముక్తుడని తీర్పుపొందియున్నాడు" అంటుంది ఏడో వచనం. ఇక్కడ "తీర్పు" అనే మాటను వదిలేయకండి. ఇది కోర్టు భాష. బానిస చనిపోతే యజమాని ఎంత అరిచినా ప్రయోజనం లేదు. కేసు మూసేసినట్టే.

మీరు ఒక ఉద్యోగం మానేశారనుకోండి. ఏళ్ల తరబడి మిమ్మల్ని వణికించిన పాత మేనేజర్ ఒక సాయంత్రం ఫోన్ చేస్తాడు. స్క్రీన్ మీద పేరు కనబడగానే గుండె దడదడ, చేతిలో ఏమున్నా పక్కన పెట్టేస్తారు, నోటి నుంచి "సార్" అని వచ్చేస్తుంది. గొంతు అదే, భయం అదే. కానీ ఆయన చెప్పింది చేయాల్సిన పని మీకు లేదు, రాజీనామా ఆమోదం పొందింది. మన పాత పాపం కూడా ఇలాగే పిలుస్తుంది. గొంతు వినబడింది కాబట్టి నేను ఇంకా అక్కడే పని చేస్తున్నాను అనుకోవడమే మన పొరపాటు.

ఈ అడుగులో చేయాల్సిన పని చదవడమే. వారం రోజులు రోమా 5:12 నుంచి 8:17 వరకు ప్రతిరోజూ ఒకే కూర్చోవడంలో, వీలైతే పైకి చదవండి. పెన్సిల్ పట్టుకుని "పాతిపెట్టబడితిమి", "సిలువవేయబడెను" లాంటి జరిగిపోయిన క్రియల కింద గీత గీయండి. ఆరో అధ్యాయంలో మొదటి పది వచనాల్లో "ఎరుగరా", "ఎరుగుదుము", "ఎరిగి" అని తెలుసుకోవడం గురించి మూడుసార్లు వస్తుంది. ఆజ్ఞలు ఆ తర్వాతే మొదలవుతాయి. మనమేమో పదకొండో వచనం నుంచి చదవడం మొదలుపెడతాం.

రెండో అడుగు: ఎంచుకోండి (ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు)

"పాపము విషయమై మృతులుగాను, దేవుని విషయమై క్రీస్తుయేసునందు సజీవులుగాను మిమ్మును మీరే యెంచుకొనుడి." ఈ పత్రికలో పాఠకులను నేరుగా ఉద్దేశించి పౌలు ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఇదే. ఐదున్నర అధ్యాయాలు ఏమీ చేయమనకుండా చెప్పుకుంటూ వచ్చి, చివరికి చేయమన్నది లెక్కపెట్టుకోమని.

"ఎంచుకొనుడి" అంటే సెలెక్ట్ చేసుకోవడం కాదు, లెక్కించుకోవడం. గ్రీకు మాట పద్దుపుస్తకాల భాషలోది, ఖాతాలో జమ రాసుకోవడం. తెలుగులో కూడా "ఎంచు" అంటే లెక్కపెట్టడమే. కాకపోతే మనం ఆ మాటను ఎక్కువగా తప్పులెంచడానికే వాడతాం. మన తప్పులు ఎంచడంలో మనంత శ్రద్ధగలవాళ్లు లేరు. పౌలు అదే శ్రద్ధతో క్రీస్తు మరణాన్ని ఎంచమంటున్నాడు.

ఇది మనసును మభ్యపెట్టుకోవడమా? అబ్రాహాము సంగతి చూడండి. నాలుగో అధ్యాయమంతా ఇదే మాట పదేపదే వస్తుంది: ఆయన విశ్వాసం నీతిగా ఎంచబడింది. దాదాపు నూరేళ్ల వయసులో తన శరీరం మృతతుల్యమైందని ఆయనకు తెలుసు. తెలియనట్టు నటించలేదు. ఆ శరీరాన్ని చూస్తూనే, కొడుకు పుడతాడని దేవుడు చెప్పిన మాటను నిజమని లెక్కించాడు. మనకూ అంతే. నాలో కోరిక లేదని చెప్పుకోవడం ఎంచుకోవడం కాదు, అది అబద్ధం. "కోరిక ఉంది, గట్టిగానే ఉంది. దానికి నా మీద హక్కు లేదు" అనడం ఎంచుకోవడం. "నేను గెలుస్తాను" అని పదిసార్లు చెప్పుకుంటే గెలుస్తాం అనే పద్ధతిలో మాట వల్ల నిజం పుడుతుందని ఆశ. ఇక్కడ నిజం ముందే జరిగింది, మన మాట దాని వెనకాల నడుస్తుంది.

ఫీలింగ్ రావాలని ఎదురుచూడకండి. నేను చనిపోయినట్టు నాకు అనిపించాలని నెలల తరబడి ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు. బ్యాంకులో డబ్బు జమ అయినప్పుడు ఒళ్ళు పులకరించదు కదా. మెసేజ్ చూసి నమ్ముతాం, ఖర్చు పెడతాం.

చేయాల్సింది ఇది. ఉదయం లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, మీ సొంత మాటల్లో, మీ పాపం పేరు పెట్టి దేవునికి చెప్పండి. నేను అనేది దాదాపు ఇలా ఉంటుంది: "తండ్రీ, నీ కుమారుడితో పాటు నేను సిలువ వేయబడ్డాను. కోపానికి నేను జీతగాణ్ణి కాను. ఆయనతో పాటు లేచాను, నీ కోసం బతికి ఉన్నాను. ఈ రోజు దీన్నే నిజమని ఎంచుకుంటున్నాను." అరనిమిషం పడుతుంది. రెండో సగాన్ని మరచిపోకండి. "పాపానికి చచ్చాను" అని మాత్రమే చెప్పుకునేవాళ్లు రోజంతా పాపాన్నే చూస్తూ బతుకుతారు, ముఖాలు కూడా అలాగే తయారవుతాయి. "దేవునికి సజీవుణ్ణి" అనే సగమే రోజును నడిపిస్తుంది.

మూడో అడుగు: మీ పాపం ఏ తలుపు నుంచి వస్తుందో చూడండి

దీనికి ఎక్కువ ఆధ్యాత్మికత అక్కర్లేదు. ఒక కాగితం చాలు. వారం రోజులు, శోధన (అంటే పాపం వైపు లాగే కోరిక) వచ్చిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: టైమ్ ఎంత, ఎక్కడ ఉన్నారు, దానికి ముందు ఏం జరిగింది. నా కాగితంలో ఏడింటిలో ఐదు సార్లు రాత్రి తొమ్మిది దాటాక, ఆకలితోనో నిద్రలేమితోనో ఉన్నప్పుడే అని తేలింది. నా "దురాత్మల పోరాటం"లో సగం, భోజనం ఆలస్యం కావడమే. సిగ్గేసింది కానీ ఉపయోగపడింది.

"శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అని రోమా 13:14లో ఉంది. ముందస్తు ఏర్పాట్లు చేయకండి అని అర్థం. అర్ధరాత్రి ఫోన్‌తో పడేవాళ్లు ఫోన్‌ను పడకగదిలో చార్జింగ్ పెట్టడం అలాంటి ఏర్పాటే. చనిపోయానని ఎంచుకుంటూ తలుపు మాత్రం తీసి ఉంచడం కుదరదు.

నాలుగో అడుగు: అవయవాలను అప్పగించండి

పదమూడో వచనంలో మీ అవయవాలను దుర్నీతి సాధనాలుగా పాపానికి అప్పగించవద్దు, నీతి సాధనాలుగా దేవునికి అప్పగించండి అని ఉంది. "సాధనములు" అని అనువదించిన గ్రీకు మాటకు ఆయుధాలు అనే అర్థం ఉంది. అదే అధ్యాయం చివర "పాపమువలన వచ్చు జీతము మరణము" అన్నప్పుడు ఆ జీతం అనే మాట సైనికులకిచ్చే భత్యానికి వాడే మాట. రెండూ కలిపి చూస్తే బొమ్మ కనబడుతుంది: ఇద్దరు రాజులు, రెండు సైన్యాలు. ఒక రాజు ఇచ్చేది చావు జీతం. రెండో రాజు ఇచ్చేదానికి పౌలు జీతం అనే మాట వాడలేదు, కృపావరం అన్నాడు.

అప్పగించడాన్ని గాలిలో ఉంచకండి. "నా సమస్తం నీదే ప్రభువా" అని పాడటం సులువు, సమస్తంలో నాలుక లేకుండా పోతుంది. అవయవం పేరు చెప్పండి, పని పేరు చెప్పండి. "ఈ రోజు పదకొండు గంటల మీటింగ్‌లో నా నాలుక నీది. ఈ బొటనవేలు నీది." బొటనవేలు ఎందుకంటే ఈ రోజుల్లో మన పాపాల్లో చాలావరకు దానితోనే చేస్తున్నాం.

ఐదో అడుగు: శోధన వచ్చిన ఆ నిమిషంలో

ఒక రాత్రి జరిగింది చెబుతాను. దగ్గరివాళ్లు ఒకరు గ్రూపులో నన్ను తేలిక చేస్తూ ఒక మాట పెట్టారు. పదిమంది చూశారు, ఇద్దరు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నా చెవులు వేడెక్కాయి. నాలుగు లైన్లు టైప్ చేశాను, ప్రతి లైనూ కత్తే. వాళ్ల పాత సంగతి ఒకటి కూడా అందులో తీశాను. బొటనవేలు పంపే బాణం గుర్తు మీద ఉంది.

అప్పుడు ఉదయం చెప్పిన మాట గుర్తొచ్చింది. గొప్ప దర్శనం ఏమీ కాదు, మామూలుగా గుర్తొచ్చింది. పైకే అన్నాను: "ఈ గొంతు పాత యజమానిది." ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. లేచి వంటగదిలోకి వెళ్లి గిన్నెలు కడిగాను. కోపం పోయిందా? పోలేదు. నాలుగో గిన్నె దాకా మండుతూనే ఉంది. కానీ పంపలేదు. తిరిగొచ్చి ఆ నాలుగు లైన్లూ చెరిపేశాను. మర్నాడు ఆ మనిషికి ఫోన్ చేసి, ఆ మాట బాధపెట్టిందని మామూలు గొంతుతో చెప్పగలిగాను.

ఇందులో మూడు కదలికలు ఉన్నాయి. గొంతును గుర్తుపట్టి పేరు పెట్టడం. జరిగిపోయిన మరణాన్ని ఒక్క చిన్న వాక్యంలో పైకి చెప్పడం. వెంటనే ఒంటిని కదిలించి మరో పనికి అప్పగించడం. మూడోది మానకండి. కుర్చీలో కూర్చునే కోరికతో వాదన పెట్టుకుంటే చాలాసార్లు అదే గెలుస్తుంది, దానికి మనకంటే ఎక్కువ ప్రాక్టీస్ ఉంది.

ఆరో అడుగు: చచ్చినవాళ్లే చంపాలి

ఇక్కడ చాలామందికి సందేహం వస్తుంది. మనం చనిపోయాం అంటే ఇక పోరాటం ఉండకూడదు కదా? కొలొస్సయులకు 3వ అధ్యాయం తెరవండి. మూడో వచనంలో "మీరు మృతిపొందితిరి" అని ఉంది. రెండు వచనాల తర్వాత ఐదో వచనంలో జారత్వాన్ని, దురాశను, ధనాపేక్షను "చంపి వేయుడి" అని ఉంది. ఒకే మనిషి, ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. చనిపోయారు కాబట్టి చంపండి. వరుసలోనే ఉంది కిటుకంతా. స్వేచ్ఛ సంపాదించడం కోసం మనం పోరాడటం లేదు, స్వేచ్ఛ వచ్చింది కాబట్టి పోరాడగలుగుతున్నాం.

రోమా 8:13 ఇంకొక్క మాట కలుపుతుంది: "ఆత్మచేత శారీర క్రియలను చంపినయెడల." పళ్ళు బిగించి కాదు, ఆత్మ చేత. అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనీ కాదు, చంపేది మనమే. ఆత్మ మీద ఆనుకోవడం అంటే నాకు అర్థమైనంతలో, పడబోయే ముందే సాయం అడగడం. పడ్డాక అడిగే క్షమాపణ ప్రార్థనలు మనకు బాగా వచ్చు, పడకముందు అడిగేవే తక్కువ.

చంపిన చోట ఖాళీ వదలకండి. ఎఫెసీయులకు 4:28లో దొంగను దొంగతనం మానమని చెప్పి పౌలు ఆగలేదు. తన చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవాళ్లకు ఇవ్వమన్నాడు. తీసుకున్న చెయ్యే ఇవ్వాలి. ఇతరుల గురించి చెడుగా మాట్లాడే అలవాటున్నవాళ్లు, ఎవరి గురించి మాట్లాడారో వాళ్ల పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టండి. మొదటి వారం చాలా ఇబ్బందిగా ఉంటుంది.

పడిపోతే

పడతారు. అప్పుడు మొదట వచ్చే ఆలోచన: "చూశావా, నువ్వేం చావలేదు, అంతా ఉత్తిదే." ఈ మాట వినకండి. క్రీస్తు "ఒక్కమారే" చనిపోయాడని పదో వచనం. మీ పడిపోవడం ఆయన మరణాన్ని రద్దు చేయలేదు. కాబట్టి "ప్రభువా, నన్ను మళ్ళీ సిలువ వేయి" అని మొదలుపెట్టక్కర్లేదు. పేరు పెట్టి ఒప్పుకోండి (మొదటి యోహాను 1:9), క్షమాపణ తీసుకోండి, ఎవరికైనా నష్టం చేసి ఉంటే వెళ్లి సరిచేయండి, వెంటనే రెండో అడుగుకు రండి. మూడు రోజులు దేవునికి ముఖం చాటేసి తిరగడం వినయం అనుకుంటాం. ఆ మూడు రోజుల్లోనే రెండోసారి పడతాం.

ఒక్క మనిషికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి. నోరు జారని మనిషి, మీరు చెప్పింది విని సంఘంలో చెప్పే సాక్ష్యంలో వాడుకోని మనిషి. దాచిన పాపం మీద ఈ అడుగులేవీ సరిగా పనిచేయవని నా అనుభవం.

చేయకూడదనుకున్నదే చేస్తున్నానని రోమా 7లో వాపోయే "నేను" విశ్వాసియా, విశ్వాసంలోకి రాకముందటి మనిషా అని పండితులు శతాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన తేలేదాకా ఆగకండి.

కొన్ని జాగ్రత్తలు

ఈ బోధను వంకర తిప్పడం సులువు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. చనిపోయింది పాపానికి బానిసైన పాత మనిషి. మీ వ్యక్తిత్వం, మీ నవ్వు, మీ ఇష్టాలు కాదు. తనను తాను అసహ్యించుకోవడం సిలువ కాదు. బతకాలని లేదనే ఆలోచనలు వస్తుంటే దాన్ని ఈ వాక్యంతో ముడిపెట్టకండి, వెంటనే దగ్గరివాళ్లకు, డాక్టర్‌కు చెప్పండి. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషితో "నీకు నువ్వు చనిపోయి భరించు" అనేవాళ్లు రోమా 6ను చదవలేదు. అక్కడ చనిపోమన్నది పాపం విషయంలో, ఎదుటివాడి పాపానికి లోబడటానికి కాదు. తాగుడు, డ్రగ్స్ లాంటి వ్యసనాల్లో శరీరం కూడా చిక్కుకుని ఉంటుంది. ముఖ్యంగా రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి వైద్య సాయంతో మానాలి. అది విశ్వాసం లేకపోవడం కాదు, అవయవాలను అప్పగించడంలో భాగం.

బల్ల దగ్గర

చివరిది ఎక్కువమంది వాడుకోని అడుగు. బాప్తిస్మం ఒక్కసారే. ఆ నీళ్లలో మనం ఆయనతో పాటు పాతిపెట్టబడ్డాం. ప్రభువు బల్ల మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ రొట్టె తిని, ఈ పాత్రలోనిది తాగినప్పుడెల్ల ఆయన వచ్చేవరకు ఆయన మరణాన్ని ప్రచురిస్తారు అని మొదటి కొరింథీయులకు 11:26. ఇతరులకు ప్రచురించడం కంటే ముందు మనకు మనం ప్రచురించుకోవాలి.

ఈసారి బల్లకు వెళ్లేటప్పుడు మూడో అడుగులో రాసిన కాగితం జేబులో పెట్టుకెళ్లండి. ఎవరికీ చూపక్కర్లేదు. రొట్టె ముక్క చేతిలోకి వచ్చాక ఆ కాగితంలోని పాపం పేరు లోపల అనుకుని, "దీని విషయంలో నేను ఈయనతో పాటు చనిపోయాను" అని ఒక్కసారి ఎంచుకుని తినండి. ఇంటికొచ్చాక ఆ కాగితం చింపేసి, తర్వాతి వారానికి కొత్తది మొదలుపెట్టండి.